పాత స్పోర్ట్స్ కారు, అరిగిన ఇంజన్: ఖర్చు పెట్టాలా, వదిలేయాలా?

మిత్రులారా, ఈ వారం వ్యాసాంశం ఏ పాత ప్రశ్నపత్రంలోంచీ తీసుకోలేదు. టెక్సస్‌లోని డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న మా పెద్దమ్మ కొడుకు ఫోన్లో అడిగిన ప్రశ్న ఇది: "ఏరా, మెకానికల్ చదివావు, ఇప్పుడు రోజూ ఎకనామిక్స్ చదువుతున్నావు. ఏడున్నర వేలు చేసే బండికి ఆరేడు వేలు పెట్టి ఇంజన్ చేయించడం తెలివా, పిచ్చా?"

ఇలాంటి ప్రశ్నకు మనలో చాలామందికి జవాబు నోటి చివరే ఉంటుంది. తిరిగి రాని ఖర్చు, అవకాశ వ్యయం, ఉపాంత ప్రయోజనం... నిర్వచనాలన్నీ నోట్స్‌లో ఉన్నాయి. కానీ నిర్వచనం రాయడం వేరు, ఒక మనిషి జేబులో డబ్బు విషయంలో దాన్ని వాడటం వేరు. అన్నయ్యా, నేనూ దాదాపు మూడు వారాలు ఈ లెక్క మీద కూర్చున్నాం. ఆ లెక్కనే మీ ముందు పెడుతున్నాను. చివరికి ఇది మన అటెంప్టుల లెక్కకూ పనికొస్తుందని నా నమ్మకం. ఎందుకో చదివాక మీరే చెప్పండి.

బండి సంగతి

అన్నయ్య దగ్గరున్నది 2005 మోడల్ మాజ్డా ఆర్ఎక్స్-8. రోజూ ఆఫీసుకి వెళ్ళడానికి వేరే మామూలు కారు ఉంది. ఇది శని, ఆదివారాల బండి. ఎంఎస్ అయ్యి మొదటి ఉద్యోగం వచ్చాక, 2016లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పెద్దమ్మ, పెదనాన్న మొదటిసారి అమెరికా వెళ్ళినప్పుడు విమానాశ్రయం నుంచి ఇంటికి తీసుకెళ్ళింది ఇందులోనే. ఈ బండికి వెనక తలుపులు వెనక్కి తెరుచుకుంటాయి. "ఇదేం తలుపురా, బీరువా తీసినట్టుంది" అని పెద్దమ్మ అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది.

దీని ఇంజన్ మామూలుది కాదు. పిస్టన్లు ఉండవు. రోటరీ ఇంజన్ అంటారు, కనిపెట్టిన జర్మన్ ఇంజనీరు పేరు మీద వాంకెల్ ఇంజన్ అని కూడా అంటారు. సమోసా ఆకారంలో, భుజాలు కాస్త ఉబ్బిన త్రిభుజం లాంటి రోటర్ ఒక గదిలో తిరుగుతుంది. గాలి పీల్చడం, నొక్కడం, మండించడం, పొగ వదలడం అన్నీ ఆ రోటర్ మూడు ముఖాల చుట్టూ జరుగుతాయి. ఆర్ఎక్స్-8లో ఇలాంటి రోటర్లు రెండు. ఒక్కో రోటర్ పరిమాణం 654 సీసీ, రెండూ కలిపి 1.3 లీటర్లు. అంత చిన్న ఇంజన్ నిమిషానికి 9,000 చుట్ల దాకా తిరుగుతుంది. ఆ శబ్దం కోసమే దీన్ని కొనేవాళ్ళున్నారు.

సమోసా మూడు మూలల్లో సన్నటి లోహపు పట్టీలుంటాయి. వాటిని ఏపెక్స్ సీల్స్ అంటారు. మామూలు ఇంజన్లో పిస్టన్ రింగులు చేసే పనే ఇవి చేస్తాయి. ఇవి గది గోడను రాసుకుంటూ తిరుగుతాయి కాబట్టి అరుగుతాయి. అరుగుదల తగ్గించడానికి ఇంజన్ తనంతట తానే కొద్దికొద్దిగా నూనె లోపలికి చిమ్ముకుంటుంది. అంటే ఈ బండి నూనె తాగడం జబ్బు కాదు, దాని తత్వమే అది. ఈ సీల్స్ సమస్య కొత్తదీ కాదు. 1960ల్లో మాజ్డా ఇంజనీర్లు తొలి నమూనాలు తిప్పినప్పుడు గది గోడల మీద పడ్డ అలల్లాంటి గీతలకు 'దెయ్యం గోళ్ళ గుర్తులు' అని పేరు పెట్టుకున్నారు. ఆ చిక్కు దాటి 1967లో కాస్మో స్పోర్ట్ కారు తెచ్చారు. 1991లో రోటరీ ఇంజన్ బండితోనే ఫ్రాన్స్‌లోని ల మాన్ 24 గంటల పందెం గెలిచారు. ఆర్ఎక్స్-8 తయారీ 2012లో ఆగిపోయింది.

అన్నయ్య బండి 1,12,000 మైళ్ళు తిరిగింది, అంటే లక్షా ఎనభై వేల కిలోమీటర్లు. లక్షణం ఒక్కటే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవుతుంది. పెట్రోలు కొట్టించడానికి ఆపి, వేడి మీద మళ్ళీ తిప్పితే సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజన్ అందుకోదు. ఇందులో కంపెనీ తప్పు వెతకనక్కర్లేదు. ఇరవై ఏళ్ళు తిరిగిన సీల్స్ అరిగాయి, అంతే.

మొదటి మెట్టు: అభిప్రాయం కాదు, కొలత

అన్నయ్య స్నేహితులు అప్పటికే రెండు పార్టీలయ్యారు. ఒక పార్టీ "అమ్మెయ్" అంటోంది, రెండోది "ఇలాంటి బండి మళ్ళీ దొరకదు" అంటోంది. ఇంజన్ లోపల ఏం జరుగుతోందో రెండు పార్టీలకూ తెలియదు. నేనన్నది ఒకటే: "ముందు కంప్రెషన్ కొలిపించు. అది తేలేదాకా ఎవరి మాటా వినకు."

రోటరీకి మామూలు కంప్రెషన్ గేజి సరిపోదు. ఒక్కో రోటర్‌కి మూడు ముఖాలు కాబట్టి మూడు అంకెలు విడివిడిగా కావాలి. మామూలు గేజి వాటిలో పెద్దదాన్ని మాత్రమే చూపించి ఊరుకుంటుంది. ప్రత్యేక పరికరం ఉన్న షెడ్డు వెతికి, 150 డాలర్లిచ్చి చేయించాడు. అంతకుముందే చవకైన అనుమానాలు తీర్చుకున్నాడు. బ్యాటరీ మార్చాడు, ఇగ్నిషన్ కాయిళ్ళు, ప్లగ్గులు చూపించాడు, సెల్ఫ్ మోటారు సరైన వేగంతో తిరుగుతోందో లేదో పరీక్ష చేయించాడు. ఎందుకంటే సెల్ఫ్ నెమ్మదిగా తిరిగినా కంప్రెషన్ తక్కువగానే కనబడుతుంది.

ఈ ఇంజన్‌కి నిమిషానికి 250 చుట్ల దగ్గర కొలిస్తే కనీసం 680 కిలోపాస్కల్స్ రావాలి. కొత్తగా ఉన్నప్పుడు 830 దాకా ఉంటుంది. అన్నయ్య బండికి ముందు రోటర్ మీద 660, 650, 670 వచ్చాయి. వెనక రోటర్ మీద 590, 640, 600. ఆరు అంకెల్లో ఒక్కటీ పాస్ కాలేదు. అయితే ఏ ఒక్కటీ మరీ పాతాళంలోనూ లేదు. అంటే సీల్ విరగలేదు, అన్నీ సమానంగా అరిగాయి. చిన్నచిన్న మరమ్మతులతో లాగే దశ దాటిపోయింది. ఇంజన్ దించాలి, విప్పాలి.

గమనించండి. వేల డాలర్ల నిర్ణయానికి ముందు 150 డాలర్లు పెట్టి కొన్నది రిపేరు కాదు, సమాచారం. పరిపాలనలోనూ ఇంతే. పాత వంతెన కూల్చాలా, బలపరచాలా అన్న చర్చ మొదలవ్వాల్సింది దాని పటుత్వ పరీక్ష నివేదికతో.

రెండో మెట్టు: ఒకే బండి, మూడు లెక్కలు

షెడ్డువాళ్ళు ఇచ్చిన అంచనా ఇది. రోటర్ గది గోడలు బాగుంటే అంతా కలిపి 6,000 డాలర్లు. గోడలు కూడా అరిగి ఉంటే కొత్తవి వేయాలి, అప్పుడు 8,000. ఏదన్నది "విప్పితేనే తెలుస్తుంది". మన ఊరి షెడ్డులోనైనా, డాలస్ షెడ్డులోనైనా ఈ మాట మాత్రం మారదు. ఇక ఉన్నది ఉన్నట్టు అమ్మితే 2,000 వస్తుంది. బాగుచేసిన ఇలాంటి బండి అక్కడి ప్రకటనల్లో 7,500 దగ్గర పలుకుతోంది.

మొదటి లెక్క బీమా కంపెనీది. మన దేశంలో వాహన బీమా నియమం మీకు తెలిసే ఉంటుంది. రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే బీమా చేసిన విలువలో, 75 శాతం దాటితే ఆ బండిని పూర్తి నష్టం కింద లెక్కగడతారు. ఆ కొలబద్ద ఇక్కడ పెడితే 7,500కి 6,000 అంటే 80 శాతం, 8,000 అంటే నూటికి పైనే. తీర్పు: తుక్కు.

రెండో లెక్క అవకాశ వ్యయానిది. ఇక్కడ చాలామంది 6,000 ఒక్కటే చూస్తారు. రిపేరు చేయిస్తే, అమ్మితే రాగల 2,000 కూడా వదులుకున్నట్టే. కాబట్టి అసలు పెట్టుబడి 8,000 నుంచి 10,000. ఆ డబ్బుతో మామూలు పిస్టన్ ఇంజన్ ఉన్న, కాస్త కొత్త మోడల్ రెండు సీట్ల స్పోర్ట్స్ కారే దొరకవచ్చు. కానీ దాన్ని ముందు ఎవరు ఎలా నడిపారో తెలియదు. తెలిసిన జబ్బు పోయి తెలియని జబ్బు వస్తుంది. తీర్పు: అటూ ఇటూ కాని మొగ్గు.

మూడో లెక్క నెలసరిది. రెండు అంచనాలకు మధ్యగా మొత్తం పెట్టుబడి 9,000 అనుకుందాం. ఐదేళ్ళు నడిపి 5,000కి అమ్మితే పోయేది 4,000. అరవై నెలలకు పంచితే నెలకు 67 డాలర్లు. 3,000కే అమ్ముడైనా నెలకు 100. ఆ శని, ఆదివారాల ఆనందానికి నెలకు వంద డాలర్లు ఎక్కువా? తీర్పు: చేయించుకోవచ్చు.

ఒకే బండి, ఒకే బిల్లు, మూడు తీర్పులు. అంకెల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ప్రశ్న అడిగిన తీరును బట్టి జవాబు మారుతోంది. కానెమన్, ట్వెర్‌స్కీ చెప్పిన ఫ్రేమింగ్ ప్రభావం గురించి మనం చదువుకున్నది ఇదే. 'తొమ్మిది వేలు' అంటే గుండె ఝల్లుమంటుంది, 'నెలకి 67' అంటే నవ్వొస్తుంది. అందుకే ఏ ప్రాజెక్టు నివేదిక చదివినా, అంకె కంటే ముందు ఆ అంకెను ఎవరు ఏ చట్రంలో బిగించారో చూడాలి.

మూడో మెట్టు: పోయిన డబ్బు, మిగిలిన ఎరుక

అన్నయ్య వాదన ఇంకోటి. "రెండేళ్ళలో కొత్త క్లచ్, నాలుగు టైర్లు, షాక్ అబ్జార్బర్లు వేయించాను రా. మూడు వేలయ్యింది. ఇప్పుడు వదిలేస్తే అదంతా బూడిదలో పోసినట్టే కదా?"

తిరిగి రాని ఖర్చును చూసి కొత్త ఖర్చు పెట్టే ఈ బలహీనతను రిచర్డ్ థేలర్ 1980లోనే ఒక వ్యాసంలో చర్చించాడు. 2017లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. 1985లో ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో నాటకాల సీజన్ టికెట్లతో ఒక ప్రయోగం చేశారు. పూర్తి ధర పెట్టి కొన్నవాళ్ళు, అనుకోకుండా తగ్గింపు దొరికినవాళ్ళ కంటే సీజన్ మొదటి సగంలో ఎక్కువ నాటకాలకు వచ్చారు. నాటకం మాత్రం ఇద్దరికీ ఒకటే. బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి కట్టిన కాంకార్డ్ విమానం కథ కూడా మనందరికీ తెలిసిన ఉదాహరణే. ఇంత పెట్టాం కదా అని ఇంకా పెట్టడానికి 'కాంకార్డ్ భ్రమ' అన్న పేరే స్థిరపడిపోయింది.

పుస్తకం ప్రకారం జవాబు సులువు: ఆ మూడు వేలూ మర్చిపో. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. పరీక్షలో రాస్తే మార్కులు తెచ్చే మెలిక అది.

క్లచ్ మీద పెట్టిన డబ్బు తిరిగి రాదు, నిజమే. కానీ క్లచ్ కొత్తదన్న సంగతి మాత్రం పోలేదు. రాబోయే రెండు మూడేళ్ళు ఈ బండికి క్లచ్ ఖర్చు ఉండదు. అదే 10,000 పెట్టి తెలియని బండి కొంటే ఆ భరోసా లేదు. తొమ్మిదేళ్ళ పాటు ఏ నూనె పోశాడు, ఎప్పుడు కూలెంట్ మార్చాడు, ఎక్కడ తుప్పు పట్టింది, అన్నీ అన్నయ్యకు తెలుసు. కాబట్టి నియమాన్ని ఇలా సరిదిద్దుకోవాలి: గతంలో పెట్టిన డబ్బును లెక్కలోంచి తీసెయ్యాలి, ఆ డబ్బు వల్ల ఇప్పుడు చేతిలో ఉన్న వస్తువునూ, తలలో ఉన్న ఎరుకనూ లెక్కలో ఉంచాలి. "మూడు వేలు పెట్టాను" అన్నది కారణం కాదు. "మూడేళ్ళు క్లచ్ చూడనక్కర్లేదు" అన్నది కారణమే.

దీనికి అవతలి కొస మన సామెతలోనే ఉంది: చచ్చిన గేదె కుండెడు పాలిచ్చేదట. మనది అనుకున్న వస్తువుకు బజారు ఇచ్చే ధర కంటే మనం ఎక్కువ ధర కడతాం. థేలర్ దీనికి ఎండోమెంట్ ఎఫెక్ట్ అని పేరు పెట్టాడు, మన పల్లెవాళ్ళు గేదె పేరు పెట్టారు. దీనికి పరీక్ష చిన్నదే. "ఈ బండి నీది కాదనుకో. ఇదే బండి, ఇదే కంప్రెషన్‌తో రోడ్డు పక్కన అమ్మకానికుంది. 2,000 ఇచ్చి కొని, పైన ఆరేడు వేలు పెడతావా?" అని అడిగాను. అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మ ఎక్కిన బండి అయితే పెడతాను, రోడ్డు పక్కదైతే పెట్టను" అన్నాడు.

ఆ జవాబును నేను కొట్టిపారేయలేదు. ఇష్టం కూడా ప్రయోజనమే. వినియోగదారుడి సంతృప్తిని లెక్కలోంచి తీసేస్తే అది ఆర్థికశాస్త్రమే కాదు. అయితే ఆ ఇష్టం ముందు రోజుల్లో ఏమిస్తుందో చూడాలి. జ్ఞాపకం బండి అమ్మినా ఉంటుంది. ఆదివారం పొద్దున స్టీరింగు పట్టుకునే ఆనందం మాత్రం అమ్మితే పోతుంది. ఆ రెండోదానికే ధర కట్టాలి.

నాలుగో మెట్టు: బండిని కాదు, మనిషిని చూడాలి

ఇక్కడిదాకా మా లెక్కలన్నీ బండి చుట్టూనే తిరిగాయి. తేల్చింది మాత్రం వేరే అంకె.

అన్నయ్య హెచ్-1బీ వీసా మీద ఉన్నాడు. ఉద్యోగం పోతే, ఇంకో సంస్థ పిటిషన్ వేసేదాకా లేదా వీసా స్థితి మారేదాకా అక్కడ ఉండటానికి దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. అప్పటికి వాళ్ళ ఆఫీసులో రెండు విడతలు మనుషుల్ని తీశారు. చేతిలో పొదుపు 12,000 డాలర్లు. అద్దె, తిండి, ఇంటికి పంపేది కలిపి నెలకు 3,200 అవుతుంది.

ఒక కాగితం మీద మూడు వరుసలు రాశాం. బిల్లు 6,000 అయితే మిగిలేది 6,000, అంటే 56 రోజుల ఖర్చు. బిల్లు 8,000 అయితే మిగిలేది 4,000, అంటే 37 రోజులు. 2,000కి అమ్మేస్తే చేతిలో 14,000, అంటే 131 రోజులు.

అరవై రోజుల గడువున్న మనిషికి 56 రోజుల తిండి, 131 రోజుల తిండి ఒకటి కావు. ఇంజన్లో పెట్టిన డబ్బు అవసరానికి వెనక్కి రాదు. బాగుచేసిన బండిని అమ్మాలన్నా సరైన బేరం తగలడానికి నెలలు పట్టవచ్చు. వెనక్కి తీసుకోలేని ఖర్చును అనిశ్చితి ఎక్కువగా ఉన్న రోజుల్లో పెట్టకుండా ఆగడానికే ఒక విలువ ఉందని పెట్టుబడుల సిద్ధాంతం చెబుతుంది. అన్నయ్య దాన్ని తన మాటల్లో చెప్పాడు: "బండికి ఇది తగిన ఖర్చే రా. నాకు తగిన ఖర్చు కాదు, ఈ ఏడాది."

"ఆగొచ్చు కదా, వచ్చే ఏడాది చేయించుకో" అంటారా? అదీ చూశాం. తిప్పకుండా నిలబెట్టిన ఇంజన్లో సీల్స్ బిగుసుకుంటాయి, రబ్బరు గట్టిపడుతుంది. పార్కింగు, రిజిస్ట్రేషను, బీమా ఖర్చులు మాత్రం నిలబడవు. ఏడాది తర్వాత అదే బండికి 2,000 కూడా రాకపోవచ్చు.

చివరికి అమ్మాడు. కొన్నతను రోటరీ బండ్ల పిచ్చి ఉన్నవాడు. ఇంట్లో గ్యారేజి ఉంది, పనిముట్లున్నాయి, ఇలాంటి ఇంజన్లు రెండు తన చేత్తో కట్టిన అనుభవం ఉంది. కంప్రెషన్ కాగితం, తొమ్మిదేళ్ళ రసీదులు చూసి 2,400 ఇచ్చాడు. ఇప్పుడు అతని వైపు నుంచి లెక్క చూడండి. షెడ్డు చెప్పిన 6,000లో సగం కూలీయే. అతనికి కూలీ లేదు, సామానుకు 3,000 సరిపోతుంది. మొత్తం 5,400 పెడితే 7,500 చేసే బండి చేతికొస్తుంది. గది గోడలు మార్చాల్సి వచ్చినా 7,400 దగ్గర ఆగుతుంది.

అదే బండి, అదే అరుగుదల, అదే రిపేరు. అన్నయ్యకు తగనిది అతనికి తగింది. "ఈ రిపేరు చేయించడం మంచిదా?" అన్న ప్రశ్నకు జవాబు ఇంజన్లో లేదు. ఎవరు చేయిస్తున్నారు, వాళ్ళ వెనక ఎంత దన్ను ఉంది, చేతిలో ఏ పని ఉంది అన్నదానిలో ఉంది.

మన అటెంప్టుల మాట

ఇప్పుడు మీరూ నేనూ మాట్లాడుకుందాం. సివిల్స్‌కి జనరల్ అభ్యర్థికి 32 ఏళ్ళ లోపు ఆరు అటెంప్టులు, ఓబీసీలకు 35 లోపు తొమ్మిది, ఎస్సీ, ఎస్టీలకు 37 దాటేదాకా ఎన్నైనా. నియమం చెప్పేది అనుమతి గురించి మాత్రమే. అన్నీ వాడుకోవాలా అన్నది చెప్పదు. "ఇంకొక్కసారి రాయాలా?" అని అశోక్‌నగర్ టీ కొట్టు దగ్గరా, పాత రాజేంద్రనగర్ గదుల్లోనూ మనం ఒకరినొకరం అడుగుతూనే ఉంటాం. అవతలివాడు కూడా తన జేబు, తన ఇల్లు చూసుకునే జవాబు చెబుతాడు. అన్నయ్య స్నేహితుల రెండు పార్టీల్లాగే.

నాకు రెండు అటెంప్టులయ్యాయి. రెండోసారి మెయిన్స్ దాకా వెళ్ళాను, ఇంటర్వ్యూ పిలుపు రాలేదు. మూడోది రాయాలా వద్దా అన్నది అన్నయ్య బండి లెక్కతో పాటే చేసుకున్నాను, అవే మెట్ల మీద.

మొదట కొలత. మార్కుల జాబితానే మన కంప్రెషన్ కాగితం. పేపర్ల వారీగా రాసి చూశాను. ఒక సీల్ విరిగిందా, అన్నీ సమానంగా అరిగాయా? నాకు ఆప్షనల్ రెండు పేపర్లలోనే గండి పడింది, మిగతావి నిలబడ్డాయి. గండి ఎక్కడుందో తెలిస్తే పూడ్చే ఖర్చు తెలుస్తుంది. అన్ని పేపర్లూ ఒకేలా తగ్గి ఉంటే అది వేరే సంభాషణ.

తర్వాత పోయినదాన్ని తీసెయ్యడం. "రెండేళ్ళు పెట్టాను కాబట్టి" అన్న మాటను కాగితం మీద కొట్టేశాను. ఆ రెండేళ్ళలో వచ్చినదాన్ని ఉంచాను: ప్రిలిమ్స్ దాటే అలవాటు, జవాబు ఏడు నిమిషాల్లో రాసే చెయ్యి.

ఆ తర్వాత దన్ను. నాన్న ఉద్యోగానికి ఇంకా నాలుగేళ్ళుంది, ఇంటిమీద అప్పు లేదు. ఈ రెండూ తారుమారైన మిత్రుడికి నా జవాబు పనికిరాదు. నేను ఉదయం పూట డిప్లొమా విద్యార్థులకు ఇంజనీరింగ్ మెకానిక్స్ చెబుతూ నా ఖర్చు నేను తీసుకుంటున్నాను. మూడోసారి రాస్తున్నాను. మెయిన్స్‌లో ఆప్షనల్ మార్కులు ఎంత వస్తే నాలుగోదాని గురించి ఆలోచించాలో ఆ అంకె ఇప్పుడే రాసి గోడకు అంటించాను. ఫలితం వచ్చాక గీత గీస్తే ఆ గీత ఎటు కావాలంటే అటు జరుగుతుంది.

ఒక మాట మాత్రం చెప్పాలి. అమ్మేసినంత మాత్రాన అన్నయ్య ఓడిపోలేదు, కొన్నంత మాత్రాన అవతలివాడు గెలవలేదు. మన గదుల్లోంచి సామాను సర్దుకుని ఉద్యోగంలో చేరిన మిత్రుల గురించి మనం మాట్లాడే తీరు మారాలి. "వదిలేశాడు" అంటాం. అతను 37 రోజుల వరుస చూసుకుని ఉండవచ్చు.

సమాధానపత్రంలో ఎక్కడ వాడుకోవచ్చు

జీఎస్-3లో ప్రజా పెట్టుబడులు, ఆగిపోయిన ప్రాజెక్టుల మీద ప్రశ్న వస్తే, తిరిగి రాని ఖర్చును కొట్టేసి, మిగిలిన ఆస్తినీ అనుభవాన్నీ ఉంచాలన్న తేడాను రాయండి. సగం కట్టిన కాలువకు ఇంకా డబ్బు పెట్టాలా అన్నదానికి ఇప్పటిదాకా అయిన ఖర్చు కారణం కాదు, తవ్వి సిద్ధంగా ఉన్న కాలువ పొడవు కారణం అవుతుంది.

పర్యావరణం మీద వస్తే, 2021 ఆగస్టులో మొదలైన వాహన తుక్కు విధానాన్నీ, 2022 జులైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రిపేరు హక్కు' మీద వేసిన కమిటీనీ ఎదురెదురుగా పెట్టండి. ఒకటి పాత బండిని తీసెయ్యమంటుంది, 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును 600 నుంచి 5,000 రూపాయలకు పెంచింది కూడా అందుకే. రెండోది వస్తువును బాగుచేసుకునే వీలు పౌరుడికి ఉండాలంటుంది. రెండింటికీ పొంతన కుదిరేది వయసుతో కాదు, కొలతతో. ఎన్నేళ్ళదన్నది కాక, ఎంత పొగ వదులుతోంది, ఎంత సురక్షితంగా ఉంది అని అడగాలి.

జీఎస్-4 కేస్ స్టడీలో అయితే, ఒకే నిర్ణయం ఇద్దరికి రెండు రకాలుగా సరైనదయ్యే సందర్భాలు వస్తాయి. పథకం ఒకటే అయినా, దన్ను లేని కుటుంబం మీద దాని భారం వేరుగా పడుతుంది. రైతు కొత్త విత్తనం వద్దన్నాడంటే మూర్ఖత్వమని రాయకండి. పంట పోతే అతనికి ఎన్ని రోజుల తిండి ఉందో ముందు అడగండి.

సాధన ప్రశ్న: "ఒక ఖర్చు తగినదా కాదా అన్నది వస్తువును బట్టి కాదు, దాన్ని మోసేవాడిని బట్టి తేలుతుంది." 1,000 నుంచి 1,200 పదాల్లో వ్యాసం రాయండి. రాసినవాళ్ళు పంపితే, ఎప్పటిలాగే ఆదివారం సాయంత్రానికి చదివి నా మాట చెబుతాను.